ఏకు మేకైంది

చేతికి ఏదో ఒక పని ఉండాలి, ఆ పని తెర మీద ఉండకూడదు. నేను దూది వడకడం మొదలుపెట్టడానికి ఇంతకు మించిన గొప్ప కారణమేమీ లేదు. క్రోషే, ఎంబ్రాయిడరీ, అద్దకం అన్నీ ఆలోచించాను. దేనికైనా ముందు దారమో బట్టో కొనుక్కోవాలి. అసలా దారం ఎలా పుడుతుందో చూద్దామన్న కుతూహలం తకిలీ అనే చిన్న కదురు దాకా లాక్కొచ్చింది.

కొత్తవాళ్ళకి చాలామంది ఇచ్చే సలహా, ఉన్నితో మొదలుపెట్టమని. అందులో సబబు ఉంది. ఉన్ని పీచు పొడుగ్గా ఉంటుంది, పైన పొలుసులుంటాయి, ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. మామూలు పత్తి పింజ పొడవు 25 నుంచి 30 మిల్లీమీటర్లే. జారిపోవడానికి దానికి క్షణం చాలు. అయినా నేను పత్తినే ఎంచుకున్నాను. పురి, అంటే దారంలో మెలిక, చాలకపోతే పత్తి దారం అక్కడికక్కడే తెగి ఆ సంగతి చెప్పేస్తుంది, ఉన్ని కొంచెం మొహమాటపడుతుంది. మొహమాటం లేని గురువే నయమనిపించింది.

తకిలీ అంటే పెద్ద యంత్రమేమీ కాదు. సన్నటి ఇనుప పుల్ల, కింద చిన్న ఇత్తడి బిళ్ళ, పైన దారం తగిలించడానికి కొక్కెం. తేలిగ్గా ఉండాలన్నది ముఖ్యం. ఉన్ని వడికే బరువైన కదురును గాలిలో వేలాడదీసి తిప్పుతారు. పత్తితో అలా చేస్తే పురి పూర్తిగా ఎక్కేలోపే ఆ బరువుకి దారం తెగిపోతుంది. అందుకని తకిలీ మొనను ఒక చిన్న గిన్నెలో ఆనించి తిప్పాలి. బరువంతా గిన్నె మోస్తుంది, దారం మీద పడదు.

దూది విషయంలో మాత్రం రాజీ పడకూడదు. గాయాలకు వాడే దూది దగ్గర్లో ఉంది కదా అని దానితో మొదలుపెట్టొద్దు. దాన్ని ఉడికించి, తెల్లబరిచి, పింజ మీదుండే సహజమైన మైనం తీసేస్తారు. లాగితే సాఫీగా జారదు, ముద్దముద్దలుగా ఊడొస్తుంది. పింజల్ని విడదీసేలా బాగా ఏకి, వదులుగా చుట్టిన దూది వత్తులు, అంటే ఏకులు, కావాలి. నొక్కుకుపోయిన ఏకును కొసలు పట్టుకుని మెల్లగా వదులు చేస్తే మళ్ళీ ప్రాణం వస్తుంది. ఇంకో రెండు చిన్న సంగతులు: ఒళ్ళో ముదురురంగు గుడ్డ పరుచుకోండి, తెల్లటి దారం కంటికి ఆనుతుంది. ఫ్యాన్ కింద కూర్చోవద్దు, దూది ఇల్లంతా ఎగురుతుంది.

ఇక అసలు పని. కుడిచేత్తో తకిలీ తిప్పుతూ, ఎడంచేత్తో ఏకు లాగుతూ, దారం సన్నగా వస్తోందో లేదో చూస్తూ ఉండాలి. మూడూ ఒకేసారి చేయబోతే ఏదీ కుదరదు. నాకు దారి చూపించింది ఆ పనుల్ని విడగొట్టడమే. ముందు, వాడుకలో ఉన్న ఏ నూలు దారమైనా జానెడు ముక్క తకిలీకి కట్టి, దాని రెండో కొస మీద ఏకు కొసను కాస్త పరిచాను. తకిలీ తిప్పితే పురి ఎక్కి ఆ రెండూ కలిసిపోతాయి. తర్వాత ఏకు మొదట్లో చిటికెతో గట్టిగా పట్టుకుని, తకిలీని తిప్పి పురి పోగుచేసుకున్నాను. తకిలీని ఆపేశాను. అప్పుడు తీరిగ్గా ఏకు వెనక్కి లాగి, పింజను సన్నగా సాగదీసి, చిటికె వదిలాను. ఆగి ఉన్న పురి పాకుతూ ఏకులోకి వెళ్ళింది. కళ్ళముందే దూది దారమైపోయింది. మళ్ళీ చిటికె, మళ్ళీ తిప్పడం. నత్తనడకే, కానీ ఏ క్షణాన ఏం జరుగుతోందో చేతికి తెలుస్తుంది.

ఈ పనిలో నాకు అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించింది పురి స్వభావం. అది ముందుగా సన్నటి చోటికే పరిగెత్తుతుంది. లావుగా ఉన్నచోట పురి అంతగా ఎక్కదు, అక్కడ పింజ ఇంకా వదులుగానే ఉంటుంది. దారంలో ఉండ కనబడగానే కంగారుపడి దాన్ని తుంచేయక్కర్లేదు. పురి కొద్దిగా ఎక్కించి, రెండువైపులా పట్టుకుని మెల్లగా లాగితే సన్నటి భాగాలు పురి బలంతో నిలబడతాయి, ఉండ మాత్రం సాగి సన్నబడుతుంది. ఆ తర్వాతే మిగతా పురి ఎక్కించాలి. ఇది పట్టుబడిన రోజున దారం దానంతటదే సమంగా మారడం మొదలైంది. అప్పటిదాకా ఇదంతా వేళ్ళ నైపుణ్యమనుకున్నాను. ఇందులో సగం పని ఆగడమే.

పురి చాలిందో లేదో తెలుసుకోవడం తేలిక. దారాన్ని కాస్త వదులు చేస్తే అది తన మీద తానే మెలి తిరిగి ముడుచుకోవాలి. ముడుచుకోకుండా వేలాడితే ఇంకా తిప్పాలి. చాలనుకున్న తర్వాత కూడా పత్తికి మరికొంచెం కావలసే వస్తుంది. తెగినప్పుడు ముడి వేయకండి. తెగిన కొస పురి విప్పి, కుచ్చులా చేసి, ఏకు పింజ మీద ఆనించి మళ్ళీ తిప్పితే అతుకు కనబడదు. చెయ్యెత్తు దారం రాగానే కొక్కెం నుంచి తీసి బిళ్ళ పైన పుల్లకు చుట్టుకోవాలి.

మొదటి తకిలీ నిండాక, దారాన్ని చిలపగా, అంటే వదులు చుట్టల కట్టగా చుట్టి, కొంచెం సబ్బు, చాకలి సోడా వేసిన నీళ్ళలో ఉడకబెట్టాను. తెల్లటి నూలే, నీళ్ళు మాత్రం టీ రంగుకి తిరిగాయి. పింజ మీది మైనం, ఇతర పదార్థాలు అలా దిగిపోతాయి. ఉడకబెట్టక ముందు నీళ్ళ మీద తేలిన చిలప ఇప్పుడు నీళ్ళు పీల్చుకుని మునిగింది. పురి కూడా కుదురుకుని, చుట్టుకుపోయే పెంకితనం తగ్గింది. ఈ మెట్టు దాటేయొచ్చని కొందరంటారు. నేనైతే దాటను.

రెండు పోగుల్ని కలిపి రెండు పేటల దారం చేయాలంటే తకిలీని అటు కాకుండా ఇటు తిప్పాలి. సవ్యదిశలో వడికిన దారంలో మెలికలు ఇంగ్లీషు జెడ్ అక్షరం మధ్యగీతలా వాలి ఉంటాయి. ఎదురుదిశలో కలిపినప్పుడు ఎస్ మధ్యగీతలా వాలతాయి. ఒక పురి మరొకదాన్ని సర్దుతుంది, దారం మెలి తిరగకుండా నిలుస్తుంది. అదే దిశలో తిప్పితే మాత్రం మిగిలేది చిక్కే.

దారం చేతికొచ్చాక నేయకుండా ఎవరుంటారు? గట్టి అట్టముక్కకు పైనా కిందా అరసెంటీమీటరుకో గాటు పెట్టి, మిల్లు నూలుతో పడుగు, అంటే నిలువు దారాలు, వేశాను. బిగువు భరించాల్సింది పడుగే కాబట్టి అక్కడ నా దారాన్ని నమ్మలేదు. అడ్డంగా నేసే పేక మాత్రం నాదే. పేకను బిగించి లాగితే అంచులు లోపలికి నడిచి, గుడ్డ నడుమ సన్నబడిపోతుంది. ప్రతి వరసలోనూ దారాన్ని విల్లులా వంచి వదిలి, తర్వాత దువ్వెనతో కిందికి దించితే అంచు నిలబడుతుంది. అరచేయి వెడల్పున గుడ్డ వచ్చింది. దేనికి పనికొస్తుందని అడిగినవాళ్ళకి నా దగ్గర జవాబు లేదు.

ఏకై వచ్చి మేకై కూర్చుంది ఈ సరదా. ఇప్పుడు పడుగు కూడా నా నూలుతోనే వేయాలని బుద్ధి పుట్టింది. దానికి రెండు పేటల దారం కావాలి, పురి ఇంకా గట్టిగా ఎక్కించాలి, రాపిడికి పీచు లేవకుండా గంజి పట్టించి ఆరబెట్టాలి. గంజి ఎంత చిక్కగా ఉండాలో ఒక చిన్న చిలప మీద చూస్తున్నాను. మొదటిది మరీ చిక్కనై దారాలు ఒకదానికొకటి అంటుకున్నాయి, రెండోది ఆరుతోంది.