ఆపేటప్పుడే తెలుస్తుంది

ఎర్రగుంట్ల దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్‌తో మొదలుపెట్టాను. తర్వాత ఆర్టీపీపీలో, అంటే రాయలసీమ థర్మల్ కరెంటు కేంద్రంలో పనులు, ఆపైన ఒక ఎత్తిపోతల పంప్‌హౌస్, ఇప్పుడు అనంతపురం వైపు సోలార్. ఒక్క లైన్‌లోనే ఉండి ఉంటే బాగుండేది కదరా అని మా బావ ఇప్పటికీ అంటాడు. నేను ఒప్పుకోను. నాలుగు చోట్లా తిరిగాను కాబట్టే ఒక సంగతి పట్టుబడింది: ఏ యంత్రాన్నయినా నడపడం కంటే ఆపడం కష్టం. పైగా ఆ కష్టం అన్నిచోట్లా దాదాపు ఒకే తీరు.

సిమెంటు కిల్న్‌లో, అంటే గొట్టంలా ఉండి తిరిగే కొలిమిలో, సరుకు 1450 డిగ్రీల దాకా కాగుతుంది. కరెంటు పోయి కిల్న్ నిలిచిపోతే ఒక పక్క ఎక్కువ వేడి, ఇంకో పక్క తక్కువ వేడి అయి, అంత లావు ఉక్కు గొట్టమూ వంగుతుంది. అందుకే డీజిల్ ఇంజన్‌తో దాన్ని మెల్లగా తిప్పుతూ ఉంటారు. వాన పడుతుంటే మరీ తొందర. ఆర్టీపీపీలో నిమిషానికి 3000 చుట్లు తిరిగే టర్బైన్ ఆగాక, లోపల తిరిగే రోటర్ వంగకుండా బ్యారింగ్ గేర్ మీద వేస్తారు, అంటే దాన్నీ మెల్లగా తిప్పుతూ ఉంటారు. ఆ రెండు చోట్లా పనిచేసినవాడికి ఇందులో కొత్తేమీ కనిపించదు.

నీళ్ల దగ్గర ఇంకా బాగా అర్థమైంది. పంపు ట్రిప్ అయి ఆగిపోయినా పైపులో నీళ్లు వెంటనే ఆగవు. కాస్త దూరం ముందుకు పోయి వెనక్కి తిరిగొచ్చి, నీళ్లను వెనక్కి పోనివ్వకుండా మూసుకున్న నాన్ రిటర్న్ వాల్వ్‌ను గుద్దుతాయి. చీనీ తోటలకు దూరం నుంచి పైపు వేసుకున్న రైతులందరికీ ఆ చప్పుడు తెలుసు. 1898లో రష్యాలో జుకోవ్‌స్కీ అనే శాస్త్రవేత్త దీనికి లెక్క కట్టాడు. ఉక్కు పైపులో సెకనుకు ఒక మీటరు వేగంతో పోయే నీళ్లను ఠక్కున ఆపితే చదరపు సెంటీమీటరుకు సుమారు 10 కేజీల ప్రెషర్ అదనంగా పడుతుంది. అంటే 100 మీటర్ల ఎత్తు నీళ్ల బరువు!

ప్యానెల్ బోర్డులో రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్చి) కాయిల్‌దీ ఇదే కథ. 24 వోల్టుల కాయిల్‌లో కరెంటును ఒక్కసారిగా తెంపితే వందల వోల్టులు లేస్తాయి. నీళ్ల బరువు ఉన్న చోట ఇక్కడ ఇండక్టెన్స్, అంటే కరెంటు మారకుండా అడ్డుపడే కాయిల్ గుణం, ఉంది, సమీకరణం రూపం మాత్రం మారలేదు. మందు కూడా ఒకటే, పారుతున్నదానికి పోవడానికి ఒక దారి చూపించాలి. పంప్‌హౌస్‌లో అది ఎయిర్ వెసెల్, అంటే పైపుకు తగిలించిన గాలి ట్యాంకు; కాయిల్ దగ్గర కరెంటును ఒకవైపే పోనిచ్చే ఒక చిన్న డయోడ్. కాయిల్ సంగతి ముందే తెలుసు కాబట్టి, పంప్‌హౌస్‌లో ఎయిర్ వెసెల్ ఎందుకుందో నాకు ఎవరూ చెప్పాల్సిన పని పడలేదు.

సోలార్‌లో మాత్రం ఈ పోలిక పూర్తిగా సరిపోదు. పంపుకు కరెంటు పోతే తోసే శక్తి పోతుంది. సోలార్ ప్యానెల్‌కు ఎండ ఉన్నంతసేపూ అది పోదు. కరెంటు పారుతుండగా ప్యానెల్ వైర్ల డీసీ కనెక్టర్ పీకితే మంట సాగుతూనే ఉంటుంది. కొత్తగా చేరిన పిల్లలకు రోజూ చెబుతున్నాను: ముందు డీసీని ఏసీగా మార్చే ఇన్వర్టర్ ఆపండి, లైన్‌ను విడదీసే ఐసొలేటర్ ఆ తర్వాతే, కనెక్టర్ మీద చెయ్యి అన్నిటికంటే చివర.