హంపి రాళ్ళు, దరోజీ ఎలుగుబంట్లు

గుంతకల్లులో రైలెక్కి హోస్పేటలో దిగేసరికి ఎండ ఇంకా ముదరలేదు. ఆటో అతను బళ్ళారి తెలుగులో బేరం మొదలుపెట్టాడు. సాయంత్రం దాకా మాట్లాడుకుని, ముందు హంపిలోని విఠ్ఠలాలయానికి పోనిమ్మన్నాను.

అక్కడి రాతి రథం యాభై రూపాయల నోటు మీద అందరూ చూసిందే. నిజానికది గరుత్మంతుడి గుడి. దగ్గరికి పోనివ్వరు. అయినా ఓపిగ్గా చూస్తే రథం ముందున్న ఏనుగుల వెనక గుర్రాల కాళ్ళు, తోకలు కనిపిస్తాయి. మొదట అక్కడున్నవి గుర్రాలే. అవి పోయాక ఏనుగులను తెచ్చి నిలబెట్టారు. రథం మీద ఒకప్పుడు ఇటుక శిఖరం కూడా ఉండేది. 1856 నాటి ఫొటోలో ఉంది, ఇప్పుడు లేదు. ఇక సంగీత స్తంభాలను తట్టడం నిషేధం. తట్టీ తట్టీ పాడుచేశాక మరేం చేస్తారు!

1986లో ప్రపంచ వారసత్వ హోదా పొందిన హంపి, 1999లో ప్రమాదంలో ఉన్న స్థలాల జాబితాకెక్కింది. ఆనెగొంది దగ్గర తుంగభద్ర మీద తలపెట్టిన వంతెనే అందుకు ముఖ్య కారణం. 2006లో హంపి ఆ జాబితా నుంచి బయటపడింది. వంతెన 2009లో కడుతుండగానే కూలింది. విరూపాక్షాలయం ముందు బజారు మంటపాల్లో కాపురాలున్నవాళ్ళను 2011లో ఖాళీ చేయించారు. ఇప్పుడు ఆ రాతి వరసలు శుభ్రంగానే ఉన్నాయి కానీ, నా కంటికి బోసిగా తోచాయి. గుడిలో మాత్రం పూజలు ఆగలేదు. వెనకవైపు చీకటి గదిలో, చిన్న రంధ్రం గుండా వచ్చే వెలుతురుకు గోపురం నీడ గోడమీద తలకిందులుగా పడుతుంది. దాని ముందు చాలాసేపు నిలబడ్డాను.

మధ్యాహ్నం దరోజీ వెళ్ళాం. 1994లో ఎలుగుబంట్ల కోసమే ఏర్పడిన అభయారణ్యం ఇది. సిబ్బంది గుట్ట బండల మీద బెల్లం పాకం పూసి వస్తారు. కాసేపటికి ఒక తల్లి ఎలుగు, వీపు మీద పిల్లతో, రాళ్ళ సందులోంచి దిగింది. మూతి ముందుకు సాచి పగుళ్ళలోని పాకాన్ని పీల్చసాగింది. చెదపుట్టలను ఖాళీ చేసేదీ ఆ మూతితోనే. ఇలా తీపి పెట్టి రప్పించడం నాకు నచ్చలేదు. ఆ మాటే ఆటో అతనితో అంటే, "చేలల్లో పడి దెబ్బలు తినడం కన్నా నయం కదా సార్" అన్నాడు. కాదనలేకపోయాను, ఒప్పుకోనూలేదు.

వెళ్ళేవాళ్ళు బైనాక్యులర్ తప్పక పట్టుకెళ్ళండి. కావలి గోపురం మీంచి మామూలు కంటికి ఎలుగూ బండా ఒకేలా ఉంటాయి.