జేబు కెమెరా, సంచి కెమెరా: కోనసీమలో సంక్రాంతి

మా మేనకోడలు ఉద్యోగంలో చేరాక సొంత డబ్బుతో కొనుక్కున్న మొదటి పెద్ద వస్తువు కెమెరా. కేనన్ ఆర్50. 2023లో వచ్చిన మోడల్, మిర్రర్‌లెస్‌లోకి (లోపల అద్దం లేని, లెన్సులు మార్చుకునే కెమెరాల్లోకి) కొత్తగా వచ్చేవాళ్ళు తీసుకునే రకం. 18-45, 55-210 లెన్సులు రెండూ కిట్‌తో పాటే తెచ్చుకుంది. నాది 2014 నాటి సోనీ ఆర్ఎక్స్100 మార్క్ 3. బ్యాటరీతో కలిపి 290 గ్రాములు, ప్యాంటు జేబులో పడిపోతుంది. ఆ అమ్మాయి కెమెరా, రెండు లెన్సులు కలిపితే 775 గ్రాములు, దానికో సంచి. సంక్రాంతికి ఇద్దరం కోనసీమ వెళ్తున్నాం కాబట్టి ఏది మేలో అక్కడే తేల్చుకుందాం అని తనే పందెం కట్టింది. గోదావరి జిల్లాల్లో సంక్రాంతి అంటే ఏదో ఒక పందెం ఉండాల్సిందే.

తెల్లారుతుండగా రాజమండ్రిలో రైలు దిగాం. బావగారు కారు తీసుకొచ్చారు. ధవళేశ్వరం దగ్గరికి వచ్చేసరికి బ్యారేజీ సగం మంచులోనే ఉంది. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852 నాటికి పూర్తి చేయించిన ఆనకట్ట చోటనే ఇప్పటి బ్యారేజీ కట్టారు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలు, మధ్యలో లంకలు. గట్టు మీద కారు ఆపించి ఇద్దరం మంచులో నాటుపడవల్ని తీశాం. రెండు కెమెరాల్లో ఫోటోలూ ఫోన్‌లోకి లాగి చూపిస్తే ఏది ఎవరిదో బావగారు చెప్పలేకపోయారు. దాచిపెట్టి అడిగితే నేనూ చెప్పలేను. పగటి వెలుతురు ఉన్నంతసేపూ ఈ రెండింటి తేడా గురించి వాదించుకోవడం టైమ్ వేస్టు. ఒక్కటి మాత్రం ఉంది. పాత ఫిల్మ్ కెమెరాల ఎం.ఎం. లెక్కలో నా లెన్సు 24 దగ్గర మొదలవుతుంది; ఆ అంకె ఎంత చిన్నదైతే ఫ్రేములో అంత వెడల్పు పడుతుంది. ఆ అమ్మాయి లెన్సు మీద 18 అని రాసి ఉన్నా, అదే లెక్కలోకి తేవాలంటే తన సెన్సర్ (లోపల బొమ్మ పడే పలక) కొలతని బట్టి దాన్ని 1.6తో హెచ్చవేసుకోవాలి, అంటే 29. కాబట్టి బ్యారేజీ గేట్లు నా ఫ్రేములో కాస్త ఎక్కువే పట్టాయి.

"ఎందుకర్రా ఇదంతా, నా ఫోన్‌లో ఇంకా బాగా వచ్చింది" అన్నారు బావగారు. నిజమే, వచ్చింది. మంచుని కూడా శుభ్రంగా తుడిచేసి ఆకాశాన్ని నీలంగా చేసి పెట్టింది.

బొబ్బర్లంక మీదుగా ఆత్రేయపురం. పండగ ముందు కాబట్టి ప్రతి ఇంటి అరుగు మీదా పూతరేకుల డబ్బాలు కట్టి ఉన్నాయి. 2023లో వీటికి జీఐ గుర్తింపు (ఫలానా ఊరి సరుకు అని ఇచ్చే ముద్ర) వచ్చాక బోర్డులు కూడా పెరిగాయి. అక్కయ్య చెప్పిన ఇంట్లో రేకులు తీయడం చూడ్డానికి లోపలికి వెళ్ళాం. పాక లాంటి గది, ఒకటే కిటికీ. బోర్లించిన కుండ, కింద ఎండు కొబ్బరాకుల మంట, పక్కన గిన్నెలో పల్చటి బియ్యప్పిండి. ఆవిడ గుడ్డను పిండిలో ముంచి కుండ మీద ఒక్క లాగు లాగింది. అంతే, రేకు వచ్చేసింది. తీసి పక్కన పెట్టేలోపే రెండో లాగు. "పొగొత్తాదండి, కాత్త ఎనక్కుండండి" అంటూనే ఉంది, చెయ్యి మాత్రం ఆగలేదు.

మా పందెంలో అసలు సంగతి ఆ గదిలోనే బయటపడింది. గుడ్డ కుండ మీద నుంచి వెళ్ళేది రెప్పపాటు. చెయ్యి చెదిరిపోకుండా రావాలంటే షట్టర్ సెకనులో 250వ వంతైనా ఉండాలి. నా కెమెరా వైడ్‌లో, అంటే జూమ్ లాగకుండా, ఎఫ్ 1.8 వరకూ తెరుచుకుంటుంది; ఈ ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే అంత వెలుతురు లోపలికొస్తుంది. ఐఎస్ఓ (వెలుతురు చాలనప్పుడు పెంచుకునే అంకె, పెంచేకొద్దీ ఫోటో గరుకెక్కుతుంది) 1600 పెడితే సరిపోయింది. మేనకోడలి కిట్ లెన్సు వైడ్‌లోనే ఎఫ్ 4.5. అదే షట్టర్‌కి ఐఎస్ఓ పదివేలు అడిగింది. ఫోటో వచ్చింది గానీ చీకటి మూలలంతా రవ్వ పోసినట్టు గరుకు.

"అదేంటి మావయ్యా, నా సెన్సర్ పెద్దది కదా!" అంది. పెద్దదే. తన సెన్సర్ 22.3 బై 14.9 ఎం.ఎం., నాది 13.2 బై 8.8. విస్తీర్ణంలో నాకంటే మూడు రెట్లకు కాస్త తక్కువ. షాపుల్లో కూడా ఈ ముక్క దగ్గరే ఆపేస్తారు. లెన్సు సంగతి ఎవరూ చెప్పరు. ఎఫ్ 4.5 లోంచి వచ్చే వెలుతురు కంటే ఎఫ్ 1.8 లోంచి వచ్చేది ఆరు రెట్ల పైమాటే. మూడు రెట్లు సెన్సర్ వైపు, ఆరు రెట్లు లెన్సు వైపు. మొత్తం మీద నా చిన్న సెన్సర్ మీదే రెండింతలు వెలుతురు పడుతోంది. జూమ్ చివర కూడా ఇదే వరస, నాది ఎఫ్ 2.8, తనది 6.3. పెట్టెలో వచ్చిన చిన్న లెన్సు తగిలించుకుని చీకటి గదిలోకి వెళ్తే మిర్రర్‌లెస్ అన్న పేరు ఏమీ ఒరగబెట్టదు. పాత మోడలైనా, మంచి లెన్సున్న జేబు కెమెరా ముందు ఓడిపోతుంది.

మేనకోడలికి ఈ లెక్క నచ్చలేదు. కారెక్కి రెండు పూతరేకులు తిన్నాక గానీ మాట్లాడలేదు. లొల్ల లాకుల దగ్గర దిగి గట్టు మీద ఫోటోలు తీసుకుంటూ నా కెమెరా అడిగి తీసుకుంది. స్క్రీన్ మీద వేలితో తట్టింది, ఏమీ జరగలేదు. మళ్ళీ తట్టింది. "టచ్ లేదా! దీంతో మీరు ఇన్నేళ్ళు ఎలా బతికారు?" తనదైతే స్క్రీన్ పక్కకు తెరుచుకుంటుంది, ఎటు కావాలంటే అటు తిరుగుతుంది, ముఖం మీద తడితే ఫోకస్ అక్కడే కూర్చుంటుంది. ఆ సుఖం నాకూ నచ్చింది. దాచుకోవడం ఎందుకు?

కనుమ రోజు జగ్గన్నతోట. అంబాజీపేట వైపు మొసలపల్లి దగ్గర కొబ్బరితోట అది, గుడి లేదు. చుట్టుపక్కల పదకొండు ఊళ్ళ శివుళ్ళు ప్రభల మీద అక్కడికి చేరతారు, వాళ్ళనే ఏకాదశ రుద్రులంటారు. వెదురుతో కట్టి, రంగు గుడ్డలు చుట్టిన ఆ ప్రభల్ని భుజాల మీద మోసుకొస్తారు. 2023 రిపబ్లిక్ డే పరేడ్‌లో మన రాష్ట్ర శకటంగా ఢిల్లీ కూడా చూసింది వీటినే. కానీ అసలు చూడాల్సింది గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభల్ని కౌశిక కాలవ దాటించడం. రోడ్డు మీదుగా తీసుకురారు. పచ్చని వరిచేలు తొక్కుకుంటూ వచ్చి కాలవలోకి దిగుతారు. చేను తొక్కితే రైతు బాధపడడు, మంచిదనుకుంటాడు.

ఇసుక వేస్తే రాలని జనం. బావగారి చుట్టం ఒకాయన గట్టు మీద మాకు కాస్త జాగా ఇప్పించారు. ప్రభ అవతలి గట్టు దిగుతోంది. "అశ్శరభ! శరభ!" అని ఒకటే కేకలు. నేను జూమ్ చివరిదాకా లాగాను, నా చివర 70. ఫ్రేములో జనం, నీళ్ళు, పైన రంగుల ముక్క ఒకటి. మేనకోడలు అప్పటికే లెన్సు మార్చేసి 55-210 తగిలించుకుంది. లెక్కలో అది 336 దాకా వెళ్తుంది. నీళ్ళు మెడ దాకా వచ్చిన కుర్రాడు పళ్ళు బిగించి బొంగును భుజం మీదికి ఎత్తుకుంటున్నాడు. ముందు వాళ్ళు అడ్డొచ్చి తప్పుకున్నా, వాడి కన్ను మీద పెట్టిన ఫోకస్ పెద్దగా తప్పలేదు. ఫోటోలు వరసగా పడుతూనే ఉన్నాయి. చూసి నాకు అసూయ పుట్టింది. నా ఫోటోలోంచి ఆ ముఖం వరకూ కత్తిరించుకోవచ్చు కదా అంటారేమో. 70 నుంచి 336 అంటే దాదాపు అయిదు రెట్లు, విస్తీర్ణంలో ఇరవై మూడు రెట్లు. నా ఇరవై మెగాపిక్సెళ్ళలో ఒకటి కూడా మిగలదు.

ఆ లెన్సు చివర ఎఫ్ 7.1 మాత్రమే. ఎండ ఉన్నంతసేపూ రాజాలా పనిచేసింది. పొద్దు వాలి తోటలో నీడలు కమ్ముకునేసరికి అదీ నీరసపడింది. అప్పుడు మళ్ళీ నాదే వంతు. ప్రభలన్నీ తోటలో చేరాక మనిషికీ మనిషికీ మధ్య సందు ఉండదు, పెద్ద లెన్సు చాచే జాగా అసలే ఉండదు. స్క్రీన్ కిందికి వంచి, చేతులు పైకెత్తి 24లో తీసుకున్నాను. కొబ్బరి మట్టల సందులోంచి లైట్లు పడుతుంటే నెత్తి మీదుగా వెళ్ళిన ప్రభ ఆ ఫోటోల్లో ఉంది.

ఒక ఊళ్ళో కోడిపందేల బరి పక్కనుంచి నడిచి వెళ్ళాల్సి వచ్చింది. చట్టం ఒప్పుకోదు, జనం ఆగరు, ఆ కథ అందరికీ తెలిసిందే. మేనకోడలి మెడలో కెమెరా చూడగానే ఇద్దరు దగ్గరికొచ్చారు.

"ఏ ఛానలండీ?"

"ఛానల్ కాదండీ, మా ఇంట్లోకే."

"అయితే లోపలెట్టేయండమ్మా. ఏమీ అనుకోకండేం."

మర్యాదగానే అన్నారు, కానీ అది అడగడం కాదు. తను సంచిలో పెట్టేసుకుంది. నా చేతిలో ఉన్నదాన్ని ఎవరూ చూడను కూడా లేదు. నేను ఫోటో తీయలేదు, కోళ్ళ రక్తం నాకు పడదు. కానీ చిన్న కెమెరాతో వచ్చే అసలు సౌకర్యం ఏమిటో అక్కడ మేనకోడలికి అర్థమైంది. పెద్ద కెమెరా ఎత్తగానే మనుషులు సర్దుకుంటారు. చీర కొంగు, మీసం, చివరికి మాట కూడా. సర్దుకున్న మనిషి ఫోటో కావాలంటే సరే, అదీ అందమే. మా అక్కయ్య అయితే పెద్ద కెమెరాకే నవ్వుతుంది. నాది చూస్తే "ఫోన్ పక్కన పెట్టి అన్నం తిను" అంటుంది.

అంతర్వేది వెళ్ళిన రోజు గాలి విపరీతంగా ఉంది. స్వామి దర్శనం చేసుకుని అన్నాచెల్లెళ్ళ గట్టు వైపు వెళ్ళాం, గోదావరి పాయ వశిష్ఠ సముద్రంలో కలిసే చోటు. గాల్లో ఉప్పు, సన్నటి ఇసుక. ఇక్కడ లెన్సు మార్చొద్దని మేనకోడలికి ముందే చెప్పాను. మారిస్తే సెన్సర్ మీద ఇసుక పడుతుంది. అయితే దుమ్ము పడితే ఊది తుడుచుకునే వీలు తనకుంది. నా దాంట్లో లెన్సు ఆన్ చేసినప్పుడల్లా బయటికొస్తుంది, ఆపితే లోపలికెళ్తుంది, పోతూ పోతూ దుమ్మును కూడా వెంట తీసుకుపోగలదు. లోపల చేరిందంటే విప్పించడమే. ఈ రెండూ నీళ్ళకీ దుమ్ముకీ తట్టుకునేలా సీలు చేసినవి కావు. నేను పది నిమిషాలు తీసి జేబులో వేసేశాను. తను పెద్ద లెన్సుతోనే ఉండిపోయి, అలల మీద తూలుతూ మొగలోకి వస్తున్న చేపల బోట్లను తీసింది. వీడియో కూడా తీసింది. మైకు పెట్టుకోవడానికి తన కెమెరాకు జాక్ ఉంది, నా దానికి లేదు. ఉన్నా లాభం లేదు, మైకు ఇంట్లో మర్చిపోయి వచ్చింది. ఆ వీడియో నిండా గాలి హోరే.

డెల్టాలో కెమెరాకి ఇసుక కంటే పెద్ద శత్రువు తేమ. మా బావగారి పాత ఫిల్మ్ కెమెరా లెన్సు లోపల సాలెగూడులా బూజు అల్లుకుపోయింది, బీరువాలో తోలు కవరుతో సహా భద్రంగా దాచిపెట్టినందుకు. గట్టి మూత డబ్బాలో సిలికా జెల్ సంచులు వేసి పెట్టుకుంటే చాలు. అత్తగారు బియ్యం డబ్బాలో పెట్టమన్నారు. వద్దండీ, బియ్యంలో తవుడు దుమ్ము ఉంటుంది అన్నాను. ఏసీ కారులోంచి దిగగానే లెన్సు మీద ఆవిరి పట్టడం మాత్రం ఎవరికైనా తప్పదు. సంచి మూసే ఉంచి ఓ పావుగంట ఆగాలి. జేబు కెమెరాకి ఒంటి వేడి తగులుతూ ఉంటుంది కాబట్టి ఆ బాధ తక్కువ.

సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నరసాపురం వైపు దాటాం. పంటు మీద బైకులు, ఓ రెండు కార్లు, చేపల గంపలతో ఆడవాళ్ళు. సాయంత్రపు ఎండ ఏటవాలుగా ముఖాల మీద పడుతోంది. కెమెరాలు మార్చుకున్నాం. తను నాది పట్టుకుని గంపల పక్కన కూర్చుని కబుర్లు చెబుతూ తీసింది. షట్టర్ చప్పుడు దాదాపు వినబడదు. తన దాంట్లో 18-45 తగిలించుకుని నేను తీశాను. ఆ వెలుతురులో అదీ చక్కగా పనిచేసింది. చేతిలో పట్టు బావుంది, వ్యూఫైండర్ ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. నా దాంట్లో దాన్ని మీట నొక్కి పైకి లేపి, మళ్ళీ బయటికి లాగాలి.

తిరుగు రైల్లో పందెం మాట మళ్ళీ వచ్చింది. "పోనీ ఈ 18-45 అమ్మేస్తే?" అంది.

"కిట్ లెన్సుకి ఎవరూ పెద్దగా ఇవ్వరమ్మా. ఉంచుకో, ఎండలో పనికొస్తుంది."

28 ఎం.ఎం. ఎఫ్ 2.8 లెన్సు ఒకటుంది, 120 గ్రాములే, దాంతో నీ కెమెరా కూడా కోటు జేబులో పడుతుంది అన్నాను. అప్పుడు చీకటి గదిలో మీ కెమెరాను దాటేస్తానా అని అడిగింది. లెక్క వేసి చూపించాను. ఎఫ్ 2.8 అయితే ఆ సెన్సర్ మీద నాతో సరిసమానంగా వస్తుంది, ఇంకో రవ్వ ముందు. 50 ఎం.ఎం. ఎఫ్ 1.8 అయితే నా కెమెరా అందుకోలేదు. కానీ లెక్కలో అది 80, పూతరేకుల గదిలో గోడకి ఆనుకుని నిలబడినా కుండ, మనిషి కలిపి పట్టకపోవచ్చు.

"ముఖం పడితే చాలు మావయ్యా" అంది. తుని దాటకముందే, అదేలెండి, మేం వెళ్తున్నది ఇటు హైదరాబాద్ వైపు, ఏలూరు దాటకముందే 50 ఆర్డర్ పెట్టేసింది.