పాయింట్ 68 నుంచి పాయింట్ 50కి: మూడు వారాల లెక్క

మొదటి వారం. మా పెయింట్‌బాల్ (రంగు నింపిన బంతులతో కాల్చుకునే ఆట) టీమ్‌లో సగం మంది పాయింట్ 68, అంటే 0.68 అంగుళాల బంతి వదిలి, పాయింట్ 50 అనే చిన్న బంతికి మారదామంటున్నారు. కొత్తవాళ్లకి దెబ్బ తక్కువ, హాపర్ (బంతులు పోసే డబ్బా) ఒకసారి నింపితే చాలాసేపు వస్తుంది, గాలి కూడా ఆదా అని వాళ్ల వాదన. అవన్నీ నిజమే. నా అనుమానం వేరు: తగిలితే చిట్లుతుందా? రంగు అంటితేనే అవతలివాడు అవుట్. తగిలి ఎగిరిపోతే తగలనట్టే లెక్క.

ముందు తూచాను. ఒక్కో బంతిని తూస్తే కాటా సరిగ్గా చూపదని పదేసి చొప్పున పెట్టాను. పెద్దవి 30 గ్రాములకు కాస్త అటూ ఇటూ, చిన్నవి 12. అడ్డం కొలత 17.3 మిల్లీమీటర్ల నుంచి 12.7కి తగ్గింది, అంటే పావు వంతుకు కొంచెం ఎక్కువ. బరువు మాత్రం సగానికన్నా కిందికి పడిపోయింది. వేగం ఒకటే అయినప్పుడు దెబ్బలో బలమూ అంతే తగ్గుతుంది. పైగా తేలికైన బంతిని గాలి త్వరగా ఆపేస్తుంది, పక్కగాలి వీస్తే ఇంకా ఎక్కువగా తోసేస్తుంది.

రెండో వారం. నా పాత మార్కర్‌కి (బంతులు కాల్చే గాలి తుపాకీకి) బారెల్, అంటే గొట్టం ఒక్కటి మారిస్తే చాలనుకున్నాను. చాలదు. లోపలి గది పెద్ద బంతికి చేసింది కాబట్టి చిన్నవి నిలవవు, ఒకేసారి రెండు పడతాయి. అందుకే పాయింట్ 50 మార్కర్ అరువు తెచ్చుకున్నాను. బారెల్‌కి బంతి సరిపడిందో లేదో ఊది చూడాలి: దానంతటది జారిపోకూడదు, గట్టిగా ఊదితే బయటికి రావాలి.

రెండు మార్కర్లనీ క్రోనోగ్రాఫ్ (బంతి వేగం కొలిచే పరికరం) మీద సెకనుకు 280 అడుగులకు సరిచేసి, గుడ్డలు కుక్కిన పాత జెర్సీని వేలాడదీశాను. 10 మీటర్ల నుంచి రెండు రకాలూ చక్కగా పగిలాయి. 30 మీటర్లకు వెళ్లాక తేడా తెలిసింది. చిన్నవి 20 కొడితే 9 తగిలాయి, చిట్లినవి నాలుగే. పెద్దవి 20కి 13 తగిలి, 10 చిట్లాయి. కింద గడ్డిలో వెతికితే చిన్న బంతులు చెక్కుచెదరకుండా దొరికాయి. ఒకదానికి అతుకు పక్కన చిన్న సొట్ట, అంతే. మరకలోనూ తేడా ఉంది. పెద్ద బంతి రంగు జెర్సీ మీద అరచేయంత పరుచుకుంది. చిన్నదాని మరక గుండీ చుట్టూ ఒక మచ్చలా మిగిలింది. ఆట హడావిడిలో రెఫరీకి అది కనబడాలి కదా!

అయితే వేగం పెంచుదాం అన్నాడొకడు. దీనికి మాత్రం నేను ససేమిరా ఒప్పుకోను. వేగానికి హద్దు పెట్టింది కళ్ల కోసం. బంతి చిన్నదైందని దాన్ని సడలించకూడదు, మాస్క్ తీయనూ కూడదు.

మూడో వారం. దగ్గరి బంకర్ల (చాటుగా దాక్కునే అడ్డాల) మధ్య ఆడాం. అక్కడ చిన్న బంతి నాకు నిజంగా నచ్చింది. మొదటిసారి ఆడిన అమ్మాయి భుజానికి రెండు తగిలినా మళ్లీ దిగింది. పెద్ద బంతితో మొదలెట్టినవాళ్లు కొందరు ఆ మొదటి దెబ్బకే మానేయడం చూశాను.

ప్రస్తుతానికి కొత్తవాళ్లకీ ఇరుకు మైదానానికీ పాయింట్ 50, దూరాల నుంచి కాచుకుని కొట్టే ఆటకి పాయింట్ 68. నా లెక్కలో ఒక అనుమానం మిగిలింది: తేమకి బంతి జెలటిన్ తొడుగు మెత్తబడి సాగుతుంది, చిట్లకపోవచ్చు; నేను వాడిన పెట్టె విప్పి చాలా రోజులైంది. వచ్చే వారం సీలు తీయని పెట్టెతో 20 మీటర్ల నుంచి మళ్లీ కొట్టి చూస్తాను.