ట్విస్టెడ్ వీల్ ముందు ఒక్క చుట్టు

"ఇక్కడే, ఈ నేల కిందే" అంటూ మా పక్కింటి పెద్దాయన విట్‌వర్త్ స్ట్రీట్‌లో ఠక్కున ఆగిపోయారు. చూస్తే ఎదురుగా హోటల్.

1971లో మూతపడ్డ ట్విస్టెడ్ వీల్ క్లబ్ సంగతి అది. సూట్లు, స్కూటర్ల ఫ్యాషన్‌తో తిరిగే మాంచెస్టర్ ‘మోడ్’ కుర్రాళ్లు శనివారం రాత్రి లోపలికి దిగితే ఆదివారం పొద్దున్నే బయటికొచ్చేవాళ్లట. మందు అమ్మేవాళ్లు కాదు. కాఫీ, అమెరికా సోల్ సంగీతం రికార్డులు, అంతే.

మందు లేకుండా తెల్లవార్లూ డాన్సా అంటే కన్ను కొట్టారు. "నిద్ర రానివ్వని మాత్రలుండేవిలే!"

అప్పట్లో ఆయన సూట్ పాడవకుండా పైన పార్కా, అంటే టోపీ ఉన్న పొడుగు కోటు, వేసుకుని స్కూటర్ మీద వచ్చేవారట. ఇప్పుడు మాత్రం చేతికర్ర.

ఆ కర్ర నా చేతికిచ్చి, తడి పేవ్‌మెంట్ మీద బూటు అడుగు జార్చి గిర్రున ఒక్క చుట్టు తిరిగారు. నా గుండె ఆగినంత పనైంది. ఆయన పడలేదు.

మా బస్సు మాత్రం వెళ్లిపోయింది.