ఓడిపోవడం చేతకాని మనిషి

వైకుంఠపాళిలో కావాలని ఓడిపోవడం ఎవరికైనా సాధ్యమా? పాచిక ఎంత పడితే అంత జరగాలి. పాము ఉంటే దిగాలి, నిచ్చెన ఉంటే ఎక్కాలి. మన తెలివికి గానీ దయాదాక్షిణ్యాలకు గానీ అందులో చోటే లేదు. అటువంటి ఆటలో కూడా ఈయన ఈరోజు కావాలని ఓడిపోయారు. 94లో ఉన్నారు. నాలుగు పడింది. మూడు గళ్ళే జరిపి, 97లో నోరు తెరుచుకుని ఉన్న పాముకు తమంతట తాము తల అప్పగించారు.

చిన్నవాడు మంచమెక్కి గంతులు వేశాడు. పెద్దది మాత్రం వేలు పెట్టి 94 నుంచి మళ్ళీ లెక్కపెట్టింది. "నాన్నా, నువ్వు 98లో ఉండాలి" అంది. ఈయన "అవునా!" అన్నారు. ఆ "అవునా" విని నాకే సిగ్గేసింది. పెద్దది పాచికను సోఫా కిందికి విసిరేసి లోపలికి వెళ్ళిపోయింది. రాత్రి కొత్తావకాయ కలిపి ముద్దలు పెడతానన్నా పలకలేదు. ఆవకాయకు కూడా లొంగలేదంటే కోపం ఏ స్థాయిలో ఉందో మీకు తెలుసు.

పదకొండు దాటింది. అందరూ పడుకున్నారు, ఈయన హాయిగా గురక పెడుతున్నారు. నాకు నిద్ర రావడం లేదు, కొంత కోపం వల్ల, కొంత ఉక్క వల్ల. విజయవాడలో మే నెల సంగతి చెప్పనక్కరలేదు. పొద్దున పది దాటితే పిల్లల్ని గుమ్మం దాటనివ్వలేం, సాయంత్రం ఆరింటికి కూడా మా సత్యనారాయణపురం గోడలు వేడి కక్కుతూనే ఉంటాయి. ఈ ఆటల గొడవంతా అందుకే.

అడిగితే ఈయన జవాబు ఒకటే. "ఐదేళ్ళవాడిని ఓడించి నేనేం మెడల్ తెచ్చుకోవాలి?" నిజమే. కానీ పక్కన పదేళ్ళ పిల్ల కూర్చుని ఉంది కదా. అది ఈయన చేతిలో క్యారమ్స్‌లో ఓడింది, చదరంగంలో ఓడింది, పేకముక్కలతో గాడిద ఆటలో కూడా ఓడింది. దానికి ఐదేళ్ళప్పుడు ఈయనకు రాత్రి షిఫ్టులు, పాము నోట్లో తల పెట్టే తీరిక ఎక్కడిది? ఆ తీరిక ఇప్పుడు దొరికింది, తమ్ముడి వంతులో. అది చూస్తూ ఊరుకోవాలంటే ఎలా?

అసలు ఆటల పెట్టెలు చేసేవాళ్ళను అనాలి. మీద "8 ఏళ్ళు, ఆ పైన" అని వేస్తారు. ఇంట్లో ఒకరికి 10, ఒకరికి 5, ఒకరికి 41 ఉంటే ఏ పెట్టె కొనాలో ఎవరూ వేయరు. బీసెంట్ రోడ్డులో దుకాణం అతను "ఇద్దరి నుంచి ఆరుగురి దాకా ఆడుకోవచ్చమ్మా" అని ఒక పెద్ద పెట్టె చేతిలో పెట్టాడు. ఆడుకోవచ్చు. ఐదుగురు ఆడుకోవచ్చు, ఆరోవాడు మూడు గంటల పాటు ఏడ్చుకోవచ్చు.

పాచిక వేసి ఊళ్ళు కొని అద్దెలు వసూలు చేసుకునే ఆ బిజినెస్ ఆట గురించి ఎన్నిసార్లు మొరపెట్టుకున్నా తీరదు. ముందుగా దివాలా తీసినవాడు మిగతావాళ్ళు తేల్చుకునేదాకా పక్కన కూర్చోవాలి. మా ఇంట్లో ముందుగా దివాలా తీసేది ఎవరో వేరే చెప్పాలా? వందకూ ఐదు వందలకూ తేడా తెలియనివాడికి కలకత్తాలో ఇల్లు ఉంటే ఎంత, లేకపోతే ఎంత! చేయడానికి ఏమీ మిగలకపోతే వాడికి తోచేది ఒక్కటే, బోర్డు ఎత్తి తిరగేయడం. అదే చేశాడు.

దీనికి తల్లి అయిన మోనోపలీ పుట్టుకే అటువంటిదట. అమెరికాలో లిజీ మాగీ అనే ఆవిడ 1904లో పేటెంటు తీసుకున్న ఆట నుంచి వచ్చిందది. భూములన్నీ ఒకరి చేతిలో పడితే అద్దె కట్టేవాళ్ళ గతి ఏమవుతుందో జనానికి తెలిసిరావాలని ఆవిడ ఉద్దేశం. 1935లో పార్కర్ బ్రదర్స్ కంపెనీ దాన్ని మోనోపలీగా అమ్మడం మొదలుపెట్టేసరికి పాఠం పోయి, అద్దె వసూలు చేసే సంబరం మిగిలింది. మా ఇంట్లో మాత్రం పాఠం ఇంకా పనిచేస్తూనే ఉంది, చిన్నవాడికి భూస్వాములంటే ఇప్పటి నుంచే మంట. మోనోపలీ నియమాల్లో ఇంకొకటి కూడా ఉంది. మనం ఆగిన స్థలం మనం కొనకపోతే వెంటనే వేలం వేయాలి. ఎవరు వేస్తున్నారు? పైగా జరిమానాల డబ్బు మధ్యలో పోగేసి, ఫలానా గడిలో పడ్డవాడికి అప్పగించడం ఒక సొంత నియమం. స్థలాలు అమ్ముడుపోవు, డబ్బు అయిపోదు, ఆట తెమలదు. ఇదంతా చదివి ఈయనకు చెబితే "మా ఇంట్లో మొదటి నుంచీ ఇలాగే ఆడతాం" అన్నారు. వీళ్ళింట్లో మొదటి నుంచీ ఇలాగే జరిగే పనులు ఇంకా చాలా ఉన్నాయి, ఇప్పుడు వద్దు.

మా తోడికోడలు జర్మనీ నుంచి వస్తూ పళ్ళతోట ఆట ఒకటి తెచ్చింది. అక్కడ 1986 నుంచి ఉందట. నాలుగు చెట్లు, పాచిక మీద ఏ రంగు పడితే ఆ చెట్టు పండు కోయాలి. కాకి పడితే కాకి బొమ్మలో ఒక ముక్క అమరుస్తారు. బొమ్మ పూర్తయ్యేలోపు పళ్ళన్నీ కోసేస్తే అందరూ గెలిచినట్టు, లేకపోతే అందరూ కాకి చేతిలో ఓడినట్టు. చెక్కతో చేసిన చెర్రీలు జంటలు జంటలుగా ఉంటాయి, తొడిమకు దారం. ఎంత ముద్దుగా ఉన్నాయో! ఒకరినొకరు ఓడించుకునే పని లేదు కదా, పీడ విరగడైందనుకున్నాను.

విరగడ కాలేదు. పాచిక మీద బుట్ట బొమ్మ పడితే నచ్చిన పళ్ళు రెండు కోసుకోవచ్చు. ఆట మొత్తంలో మనిషి ఆలోచించి తేల్చుకోవాల్సింది ఆ ఒక్కచోటే. పళ్ళు ఎక్కువ మిగిలిన చెట్టు నుంచి కోయడం తెలివి, లేకపోతే చివర్లో ఒక్క రంగు కోసం పాచిక వేస్తూ కూర్చుంటే ఆ లోపల కాకి నిండిపోతుంది. పెద్దది ఇది రెండో ఆటకే పట్టేసింది. చిన్నవాడికి చెర్రీలు కావాలి. "రేగుపళ్ళు కోయరా, ఏడున్నాయి!" అని అది, "నాకు చెర్రీలే!" అని వాడు. (అవి రేగుపళ్ళు కావు, ప్లమ్స్. మా ఇంట్లో రేగుపళ్ళే.) చివరికి కాకి గెలిచింది, వీళ్ళు తప్పు ఎవరిదని కొట్టుకున్నారు. కలిసి ఆడే ఆటలో అక్కకు దొరికే పదవి మేస్త్రీ పదవి.

చదరంగం సంగతి వేరు. 2024 డిసెంబరులో కోనేరు హంపి రెండోసారి ప్రపంచ ర్యాపిడ్ చాంపియన్ అయ్యాక పెద్దదాన్ని ఈయనే తీసుకెళ్ళి శిక్షణలో చేర్పించారు. హంపి మీ కృష్ణా జిల్లా అయితే గ్రాండ్‌మాస్టర్లు హారిక, హరికృష్ణ మా గుంటూరు, లెక్కలో మాదే పైచేయి అని ఈయనతో వాదించడం నేనూ వదలను లెండి. చెప్పొచ్చేదేమిటంటే, ఈయన దానితో ఆడేటప్పుడు తన మంత్రిని తీసి పక్కన పెట్టేసి ఆడతారు. అందరూ చూస్తుండగా. మొన్న అది అలా గెలిచి, పక్కనున్న మంత్రిని తనే తెచ్చి ఈయన గడిలో నిలబెట్టి, "ఇప్పుడు ఆడు నాన్నా" అంది. ఆ ముఖం చూడాల్సింది! అందరి ఎదుటా మంత్రిని పక్కన పెట్టడం తెలిసిన మనిషి నాలుగు పడితే మూడు జరపడమేమిటి? బలం తగ్గించుకుంటే చెప్పి తగ్గించుకోవాలి. చెప్పకుండా తగ్గించుకుంటే గెలిచినవాడిని ఆటలో అరటిపండు చేసినట్టే.

అరటిపండు బతుకు నాకు తెలుసు. బ్రాడీపేటలో మా నాయనమ్మ ఇంటి వెనక వసారాలో, గచ్చు మీద సుద్దముక్కతో అష్టా చెమ్మా పటం గీసి ఉండేది. ఐదు వరసలు, వరసకు ఐదు గళ్ళు, నాలుగు వైపులా నడిమి గళ్ళలోనూ మధ్య గడిలోనూ అడ్డగీతలు. గీతలు చెరిగేలోపు ఎవరో ఒకరు మళ్ళీ దిద్దేవారు. కాయలంటే ఒకరికి విరిగిన గాజు ముక్కలు, ఒకరికి చీపురుపుల్లలు, ఒకరికి గులకరాళ్ళు. గవ్వలు నాయనమ్మ పాత పొడుం డబ్బాలో ఉండేవి, వేసేముందు వాసన చూస్తే తుమ్ము ఖాయం. ఆవిడ నిద్రపోతున్నప్పుడు డబ్బా ముట్టుకోకూడదు కాబట్టి చింతపిక్కలు అరగదీసుకునేవాళ్ళం. గరుకు బండ మీద ఒక వైపు తెల్లబడేదాకా రుద్దితే పిక్క వేళ్ళ మధ్య కాలిపోతూ ఉంటుంది. అన్నయ్య సరిగ్గా ఆ క్షణంలో తెచ్చి నా మోచేతికి అంటించేవాడు. నేను అరిస్తే నాయనమ్మ లేచేది, డబ్బా వచ్చేది, అసలు గవ్వలతో ఆట మొదలయ్యేది. వాడి పథకమే అది.

అందరిలోకీ చిన్నదాన్ని నేను. నా కాయను ఎవరూ చంపరు, నేను ఎవరినైనా చంపినా అది చావు కాదు. అలా ఎన్నాళ్ళు ఆడానో తెలియదు గానీ, ఒకరోజు నాయనమ్మ నా ముందు నాలుగు గాజు ముక్కలు పోసి, "దీన్నీ లెక్కలోకి తీసుకోండిరా, చస్తే చస్తుంది" అంది. అని, లోపలి వరసకు ఒక్క గడి దూరంలో ఉన్న నా కాయను మొట్టమొదట చంపింది తనే. నేను గుక్కపట్టి ఏడ్చాను. "ఏడిస్తే అష్టా పడుతుందటే?" అంది, గవ్వలు నా చేతిలో పోస్తూ. ఆ వేసవిలోనే ఒక మధ్యాహ్నం నా నాలుగు కాయలూ అందరికంటే ముందు పండాయి. వీధి చివరిదాకా పరుగెత్తి చెప్పివచ్చాను. నన్ను మనిషిగా లెక్కపెట్టిన మొదటి మనిషి మా నాయనమ్మ అని ఈ రోజుకూ అందరికీ చెబుతుంటాను. ఈయనకు మరీ ఎక్కువగా చెబుతుంటాను.

రాత్రి తొమ్మిదింటికి, ఈయనకు వినపడేలా స్పీకరు పెట్టి మరీ అన్నయ్యకు ఫోన్ చేశాను, సాక్ష్యం కోసం. "నాయనమ్మ ఎవరికోసమైనా ఆట వదిలేసిందా, నువ్వే చెప్పు" అన్నాను.

అన్నయ్య పడీపడీ నవ్వాడు. "నీకా? నీకు నాలుగు గవ్వలూ వెల్లకిలా పడితే, అంటే చెమ్మా పడితే, ఆవిడ వాటిని గబుక్కున చేత్తో కప్పేసి 'అష్టా! నడువు తల్లీ' అనేది. చెమ్మాకు నాలుగు గళ్ళు, అష్టాకు ఎనిమిది. ఎన్ని గళ్ళు ఊరికే నడిచావో లెక్క చూసుకో. నేను నోరు తెరిస్తే పొడుం డబ్బాతో నెత్తి మీద ఒకటి పడేది."

స్పీకరు ఆపేలోపు ఈయన మొత్తం వినేశారు. ఏమీ అనలేదు. మంచినీళ్ళ సీసా తీసుకుని చాలా మర్యాదగా లోపలికి వెళ్ళారు.

అన్నయ్యకు కాస్త పెంచి చెప్పే అలవాటు ఉంది, ఒప్పుకుంటాను. కానీ గవ్వల మీద ఆ చేయి, పగడపుటుంగరంతో సహా, నాకు గుర్తుంది. ఆవిడ గవ్వలు తొందరగా ఏరుకుంటుందనే అనుకున్నాను ఇన్నేళ్ళూ. చంపడం అందరూ చూస్తుండగా చేసింది, ఇవ్వడం అరచేయి చాటున చేసింది. అయితే నా గొడవ కావాలని ఓడిపోవడం గురించి కాదా? ఈయనకు ఆ విద్య సరిగ్గా రాకపోవడం గురించా? నాయనమ్మే కనక 94లో ఉంటే పెద్దది కనిపెట్టి ఉండేది కాదు.

కనిపెట్టేది. అన్నయ్య కనిపెట్టాడుగా. వాడికిప్పుడు నలభై ఆరు, పుండు మానినా మచ్చ పోనట్టు ఇంకా ఆ గళ్ళు లెక్కపెట్టుకుంటూనే ఉన్నాడు. నాకు దక్కిన ఆ తీపి మధ్యాహ్నానికి ఖరీదు కట్టినవాడు వాడు. ఇక్కడికి వచ్చాక నా వాదన ఏ పక్షమో నాకే అంతుపట్టడం లేదు. చిన్నవాడి వైపు నుంచి చూస్తే ఈయన చేసింది తప్పనిపించడం లేదు. పెద్దదాని గది వైపు చూస్తే మళ్ళీ ఒళ్ళు మండుతోంది.

పెద్దవాళ్ళు నటించే పనే లేని ఆట ఇంట్లో ఇప్పటికి ఒక్కటే ఉంది, ఆ గుండ్రటి కార్డుల డాబుల్. 55 కార్డులు, ఒక్కోదాని మీద ఎనిమిది బొమ్మలు, ఏ రెండు కార్డులు తీసినా కలిసే బొమ్మ సరిగ్గా ఒక్కటే. ముందుగా దాని పేరు అరిచినవాడిదే పందెం. చదవడం రానక్కరలేదు. నేను కళ్ళజోడు సవరించుకునేలోపు చిన్నవాడు "తాబేలు!" అని అరిచేస్తాడు. నిజంగానే ఓడిపోతున్నాను, అక్కాతమ్ముళ్ళిద్దరి చేతిలోనూ, ఎవరి మీదా జాలి పడకుండా. చెప్పుకోవడానికి బాగానే ఉంది గానీ, ఐదోసారి "తాబేలు" విన్నాక కార్డులు దాచేయాలనిపిస్తుంది. ఈయనేమో ఆడడం మానేసి, లెక్క ప్రకారం 57 కార్డులు చేయవచ్చు, రెండు ఎందుకు తగ్గించారని కాగితం మీద గీస్తూ కూర్చుంటారు.

ఆదివారం అన్నయ్య వాళ్ళు గుంటూరు నుంచి వస్తున్నారు. అష్టా చెమ్మా వేద్దాం, పిల్లలకూ నేర్పుదాం అన్నాడు. గవ్వల లెక్క మాత్రం తనే చూస్తాడట.