బియ్యం బిల్లు దాటింది, జీడిపప్పు బిల్లు ఆగింది

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, రాయగడల్లో గోదాములున్న ఒక టోకు వ్యాపార సంస్థకి బిల్లుల రాకపోకలు చూడటం నా పని. గోదాములోని బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ పది నిమిషాలకోసారి సీఎస్‌వీ ఫైలు (కామాలతో విడగొట్టిన టెక్స్టు పట్టిక) రాస్తుంది. అది ఎస్‌ఎఫ్‌టీపీ సర్వర్‌కి, అంటే ఫైళ్లు భద్రంగా అందుకునే కంప్యూటర్‌కి చేరుతుంది. అక్కడ అపాచీ క్యామెల్ (ఒక సాఫ్ట్‌వేర్ నుంచి ఇంకోదానికి డేటా చేరవేసేది) దాన్ని తీసుకుని, బిల్లు బిల్లుగా విడగొట్టి, యాక్టివ్‌ఎంక్యూ అనే ప్రోగ్రామ్ నడిపే మెసేజ్‌ల క్యూలో వేస్తుంది. క్యూ నుంచి ఒక దారి హెడ్డాఫీసు ఈఆర్‌పీకి (సంస్థ లెక్కలన్నీ చూసే సాఫ్ట్‌వేర్‌కి), ఇంకో దారి బిల్లుల్ని నమోదు చేసే జీఎస్‌టీ ఈ-ఇన్‌వాయిస్ పోర్టల్‌కి. మొత్తం ఐదు చోట్ల బిల్లు చేతులు మారుతుంది. ఇప్పటిదాకా నాకు దొరికిన తప్పుల్లో ముప్పాతిక మూడొంతులు ఆ ఐదు చోట్లవే. క్యామెల్ రూట్‌లో (బిల్లు వెళ్లే దారి చెప్పే కోడ్‌లో) నేను రాసిన లెక్కల్లో దొరికినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

"సార్, బిల్లు ఎల్నేదు" అని ఫోనొస్తే మూడు సంగతులు అడుగుతాను: బిల్లు నంబరెంత, ఎన్నింటికి కొట్టారు, అదొక్కటే ఆగిందా అన్నీ ఆగాయా? అన్నీ ఆగితే దారి మూసుకుపోయింది. అంటే నెట్‌వర్కో, సర్టిఫికెట్టో, పాస్‌వర్డో. ఒక్కటే ఆగితే లోపం ఆ బిల్లులోనే ఉంది. కొన్ని ఆగి కొన్ని వెళ్తేనే కాస్త తల గోక్కోవాలి. అప్పుడు ఆగినవి ఓ పక్క, వెళ్లినవి ఓ పక్క పెట్టి, తేడా కనిపించేదాకా కోడ్ ముట్టుకోను. ఇది కుదరాలంటే లాగ్‌లో (ప్రోగ్రామ్ తన పని రాసుకునే చిట్టాలో) ప్రతి వరుసలోనూ బిల్లు నంబరుండాలి. ఫైలు విడగొట్టిన మరుక్షణమే బిల్లు నంబర్ని మెసేజ్ హెడర్‌లో (పైన అంటించే చీటీలో) పెట్టి, అక్కణ్ణుంచి ఐదు చోట్లా అదే మోయించాలి. ఫైలు పేరొక్కటే ఉన్న లాగ్‌లో, 200 బిల్లుల ఫైలు చేతికొస్తే ఏం వెతుకుతాం?

అలా రెండు పక్కలా పెట్టి చూస్తే దొరికిందే జీడిపప్పు కథ. బియ్యం బిల్లులన్నీ దాటాయి. జీడిపప్పు, కందిపప్పు, ఉల్లిపాయల బిల్లులు పోర్టల్ దగ్గర తిరిగొచ్చేశాయి. సరుకు రకాన్ని చెప్పే హెచ్‌ఎస్‌ఎన్ కోడ్‌లు చూడండి: బియ్యానికి 1006, జీడిపప్పుకి 0801, పప్పుధాన్యాలకి 0713, ఉల్లికి 0703. ముందు సున్నా ఉన్నవే ఆగాయి. గోదాములో ఎవరో ఫైల్ని ఎక్సెల్‌లో తెరిచి, ఓ రేటు దిద్ది, సేవ్ చేశారు. ఎక్సెల్ 0801ని అంకె అనుకుని 801 చేసింది. అదే ఫైల్లో 12 అంకెల ఈ-వే బిల్లు (సరుకు రవాణా పత్రం) నంబరు కూడా 1.21ఈ+11 అయి కూర్చుంది. ఎక్సెల్ సీఎస్‌వీగా సేవ్ చేసేటప్పుడు తెర మీద కనిపించేదే రాస్తుంది కాబట్టి మిగతా అంకెలిక రావు. ఇలాంటి ఫైలు ఎలా ఉందో చూడ్డానికి మళ్లీ ఎక్సెల్‌లోనే తెరిస్తే నిజం తెలీదు. నోట్‌ప్యాడ్‌లో చూడాలి.

హెచ్‌ఎస్‌ఎన్ 4, 6, 8 అంకెల్లోనే ఉంటుంది కాబట్టి, 3, 5, 7 అంకెలొస్తే ముందు సున్నా తగిలించి పంపెయ్యొచ్చు. నేనలా చెయ్యలేదు. అదే ఫైల్లో కస్టమర్ కోడ్‌లకీ ముందు సున్నాలుంటాయి, వాటి పొడుగుకి లెక్క లేదు. ఒక గడి బాగుచేసి పంపితే పక్క గడిలోని పాడు గుట్టుగా ఈఆర్‌పీలోకి వెళ్లిపోతుంది. అందుకే హెచ్‌ఎస్‌ఎన్ బేసి అంకెల్లో కనిపిస్తే ఫైలు మొత్తాన్ని ఆపి, గోదాముకి మెసేజ్ వెళ్లేలా పెట్టాను. మా వైపు హెచ్‌ఎస్‌ఎన్, పిన్‌కోడ్, కస్టమర్ కోడ్, ఫోన్ నంబరు అన్నీ టెక్స్టే. కూడికలు, తీసివేతలు చెయ్యని దేన్నీ అంకెగా ఉంచకూడదు.

పేర్ల దగ్గర ఇంకో చిక్కు. మా ఖాతాదారుల జాబితాలో తెలుగు లిపి పేర్లు, ఒడియా లిపి పేర్లు, ఇంగ్లీషు పేర్లు కలగలిసి ఉంటాయి. హెడ్డాఫీసు తెర మీద పేరు చెడితే అందరూ "ఫాంటు ప్రాబ్లం" అనేస్తారు. ఎలా చెడిందో చూస్తే ఎక్కడ చెడిందో తెలుస్తుంది. ఖాళీ డబ్బాలు కనిపిస్తే అక్షరాలు క్షేమం, ఆ కంప్యూటర్లో ఫాంటు లేదంతే. నెత్తిన గీత ఉన్న చిన్న ఇంగ్లీషు ఎ, దాని పక్కన డిగ్రీ గుర్తు, ఇవే మాటిమాటికీ వస్తుంటే అన్ని లిపులూ పట్టే యూటీఎఫ్-8 ఎన్‌కోడింగ్ (అక్షరాల్ని బైట్లుగా రాసే పద్ధతి) బైట్లని ఎవరో తెలుగు పట్టని విండోస్-1252గా చదివారన్నమాట. ఆ గీత ఎ పక్కన డిగ్రీ గుర్తుంటే అది తెలుగు అక్షరం. అడ్డగీత చివర కిందికి వంగిన గుర్తుంటే ఒడియా అక్షరం. ఇలా చెడినవాటిని చాలావరకు వెనక్కి తేవచ్చు. ప్రశ్నార్థకాలు వచ్చాయంటే మాత్రం ఆశ వదులుకోవాల్సిందే. తెలుగు పట్టని ఎన్‌కోడింగ్‌లోకి ఎవరో రాశారు, అసలు అక్షరం అక్కడే పోయింది. బరంపురం అన్న పేరుకి సరిగ్గా 7 ప్రశ్నార్థకాలొస్తే చదవడంలో కాదు, రాయడంలోనే పోయినట్టు. మూలం నుంచి మళ్లీ పంపించుకోవడమే.

మా దగ్గర పోయింది క్యామెల్ నడిచే జావాలో. బైట్లుగా మార్చేచోట ఎన్‌కోడింగ్ పేరు చెప్పలేదు. జావా 18 నుంచి చెప్పకపోతే యూటీఎఫ్-8 అనుకుంటుంది. అంతకు ముందువి మిషన్‌ని అడుగుతాయి, విండోస్ సర్వర్ 1252 అంటుంది. నా లాప్‌టాప్‌లో లినక్స్ కాబట్టి అన్ని పరీక్షలూ శుభ్రంగా పాసయ్యాయి!

అక్షరాలు బాగుపడ్డాక ఒరాకిల్ డేటాబేస్ అడ్డం తిరిగింది. తప్పు కోడ్ ఓఆర్‌ఏ-12899, అంటే గడికి మించిన విలువ. పేరు గడి పొడుగు 50 అని పట్టికలో ఉంది, వచ్చిన పేరు చూస్తే 19 గుర్తులే. ఆ 50 అక్షరాలు కాదు, బైట్లు. మార్చమని చెప్పకపోతే ఒరాకిల్ లెక్క అదే. తెలుగైనా ఒడియా అయినా ఒక్కో గుర్తుకి 3 బైట్లు, కాబట్టి 50లో పట్టేవి 16. గుర్తంటే కంటికి కనిపించే అక్షరమూ కాదు. బ్రహ్మపుర కంటికి నాలుగక్షరాలు, లోపల 9 గుర్తులు, 27 బైట్లు. గడిని 50 క్యారెక్టర్లకి మార్పించాం. మార్పు వచ్చేదాకా పేరు చివర కత్తిరించి పంపుదామని ఒక సలహా వచ్చింది. కత్తిరింపు ఒత్తు మధ్యలో పడితే పేరు చివర పొల్లు వేలాడుతుంది, అది ప్రింటయ్యే బిల్లు. వద్దన్నాను.

ఇక నెట్‌వర్క్. 'కనెక్షన్ రిఫ్యూజ్డ్' అంటే అవతలి మిషన్ దాకా వెళ్లాం, ఆ పోర్టులో వినేవాడు లేడు. సర్వీసు ఆగి ఉంటుంది. 'కనెక్ట్ టైమ్‌డ్ అవుట్' అంటే ఉలుకూ పలుకూ లేదు. ఎక్కువగా ఫైర్‌వాల్, లేదా ఐపీ అనుమతి జాబితాలో మన నంబరు లేకపోవడం. ఈ రెండింటిలోనూ బిల్లు వెళ్లలేదని గట్టిగా చెప్పొచ్చు. 'రీడ్ టైమ్‌డ్ అవుట్' అలా కాదు. బిల్లు పంపాం, జవాబు రాలేదు. పనయ్యిందో లేదో మనకి తెలీదు. దీన్ని ఫెయిల్ కింద రాసుకుని మళ్లీ పంపితే ఈఆర్‌పీలో ఒకే బిల్లు రెండుసార్లు పడుతుంది. నెలాఖరున ఈఆర్‌పీ 70, 80 సెకన్లు తీసుకునేది. దాని ముందున్న ఎన్‌జిన్‌ఎక్స్ సర్వర్ 60 సెకన్లకే 504 (వెనకనుంచి జవాబు రాలేదన్న కోడ్) ఇచ్చేసేది, వెనకాల ఈఆర్‌పీ మాత్రం బిల్లుని నింపాదిగా సేవ్ చేసుకునేది. లోపలి గడువు తక్కువ, బయటికొచ్చేకొద్దీ ఎక్కువ ఉండాలి. మా దగ్గర తిరగబడి ఉంది.

జీఎస్‌టీ పోర్టల్ ఈ విషయంలో నయం. ఐఆర్‌ఎన్ అనే 64 అక్షరాల గుర్తు నాలుగింటి నుంచే పుడుతుంది: అమ్మేవాడి జీఎస్‌టీఐఎన్ (జీఎస్‌టీ నమోదు నంబరు), బిల్లు రకం, బిల్లు నంబరు, ఆర్థిక సంవత్సరం. అదే బిల్లు మళ్లీ పంపితే 2150, డూప్లికేట్ ఐఆర్‌ఎన్ అంటుంది. ఆ జవాబులోనే పాత ఐఆర్‌ఎన్ కూడా ఉంటుంది. కాబట్టి 2150ని తప్పుగా కాకుండా విజయంగా చదవాలి. ఒక్క జాగ్రత్త. మొదటిసారి వెళ్లిన మొత్తం, ఇప్పుడు పంపిన మొత్తం ఒకటేనా అని చూసుకోవాలి. మొత్తం మారినా ఐఆర్‌ఎన్ మారదు. ఈఆర్‌పీ కోసం అవే నాలుగింటితో యూనిక్ కీ ఉన్న (ఒకే విలువని రెండోసారి ఒప్పుకోని) పట్టిక పెట్టాను. ముందు అందులో వరుస పడాలి, తర్వాతే పంపడం. ఫైళ్లు తీసుకునే క్యామెల్ ఫైలు కన్స్యూమర్‌లో, ఒకే ఫైల్ని రెండోసారి తీసుకోకుండా ఐడెంపొటెంట్ ఆప్షన్ ఉందిగా అనొచ్చు. ఊరికే ఆన్ చేస్తే అది మెమరీలో 1000 పేర్లు గుర్తుపెట్టుకుంటుంది, సర్వర్ రీస్టార్ట్‌తో అన్నీ మర్చిపోతుంది.

యాక్టివ్‌ఎంక్యూ డీఫాల్టులు కూడా మా పనికి సరిపడవు. మెసేజ్ విఫలమైతే సెకను ఎడంతో 6 సార్లు మళ్లీ ఇచ్చి, ఆపైన డెడ్ లెటర్ క్యూలోకి (చేరని మెసేజ్‌లు పడే పక్క క్యూలోకి) తోసేస్తుంది. పోర్టల్ పది నిమిషాలు పడుకుంటే చాలు, క్యూలో ఉన్నవన్నీ వరసపెట్టి అక్కడ చేరతాయి. అందుకని విఫలాల్ని రెండుగా విడదీశాను. నెట్‌వర్క్ తప్పయితే ఎడం పెంచుకుంటూ గంటల తరబడి ప్రయత్నిస్తుంది. పిన్‌కోడ్ తప్పు, పన్ను తప్పు లాంటివి వెయ్యిసార్లు పంపినా మారవు, అవి మొదటిసారే పక్కకి. ఆ పక్క క్యూని రోజూ ఒక మనిషి చూడాలి. 1 ఏప్రిల్ 2025 నుంచి 10 కోట్లు, ఆపైన టర్నోవర్ ఉన్నవాళ్లు బిల్లు తేదీ నుంచి 30 రోజుల్లోపే ఐఆర్‌ఎన్ తీసుకోవాలి. ఆ తర్వాత పోర్టల్ ఆ బిల్లుని తీసుకోదు.

సరిహద్దు వల్ల వచ్చేవి వేరు. ఒడిశా జీఎస్‌టీ కోడ్ 21, ఆంధ్రది 37. బరంపురం నుంచి ఆంధ్రలోని ఇచ్ఛాపురానికి సరుకు వెళ్తే రాష్ట్రాల మధ్య పన్ను ఐజీఎస్‌టీ, అంతకంటే దూరమైన రాయగడకి వెళ్తే రాష్ట్రం లోపలి పన్నులు సీజీఎస్‌టీ, ఎస్‌జీఎస్‌టీ. ఆంధ్రలోని పాతపట్నం వ్యాపారి బిల్లు తన పేరున రాయించుకుని, సరుకు మాత్రం పర్లాకిమిడిలో ఇంకో దుకాణంలో దింపమంటాడు. పన్ను బిల్లు పేరున్నవాడి రాష్ట్రాన్ని బట్టి, లారీ వెళ్లే చిరునామా వేరే గడిలో. పాత సాఫ్ట్‌వేర్‌లో చిరునామా గడి ఒకటే ఉండటంతో 37 కోడ్ పక్కన 761తో మొదలయ్యే ఒడిశా పిన్ పడేది, పోర్టల్ తిప్పికొట్టేది. ఊరి పేరుతో జత కలపడమైతే అసలు పెట్టుకోవద్దు. బరంపురం, బ్రహ్మపుర, బెర్హంపూర్ ఒకే ఊరు, పైగా పశ్చిమ బెంగాల్లో ఇంకో బరంపురం ఉంది. రాష్ట్రానికి రెండక్షరాల కోడ్ వాడినా తంటాయే. ఒడిశా కొన్ని జాబితాల్లో ఓఆర్, కొన్నింట్లో ఓడీ. తెలంగాణ కొత్త బండ్ల కోడ్ అయితే 2024లో టీఎస్ నుంచి టీజీకి మారింది. మధ్యలో జీఎస్‌టీ అంకెల కోడ్ ఒక్కటే ఉంచి, రెండు చివర్లా పట్టికతో మారుస్తున్నాను.

చిన్నవి కొన్ని. తేదీలన్నీ ఒకరోజు వెనక్కి పోయి, పక్కన 18:30 కనిపిస్తే వెతకడం మానెయ్యండి. మన అర్ధరాత్రి యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) ముందురోజు 18:30. బిల్లు తేదీకి టైమ్ తగిలించకుండా తేదీగానే పంపాలి. ఎక్స్‌ఎంఎల్ ఫైలు చదివే ప్రోగ్రామ్ 'కంటెంట్ ఈజ్ నాట్ అలౌడ్ ఇన్ ప్రోలాగ్' అంటూ మొదటి వరుసలోనే పడిపోతే, ఫైలు తలలో కంటికి కనిపించని 3 బైట్ల బీఓఎమ్ (ఎన్‌కోడింగ్ చెప్పే గుర్తు) ఉందేమో చూడండి. ఫైలు సగమే చదివితే, పంపేవాణ్ణి వేరే పేరుతో రాసి, పూర్తయ్యాక పేరు మార్చమనాలి. అది కుదరకపోతేనే క్యామెల్ రీడ్‌లాక్ 'చేంజ్‌డ్', అంటే ఫైలు మారడం ఆగిందా అని చూసి చదవడం. ఫైలు కన్స్యూమర్‌లో దాని తనిఖీ ఎడం డీఫాల్టుగా 1 సెకను. రాయగడ లైను ఒక్క సెకను ఆగిందంటే ఫైలు పూర్తయిందనుకుంటుంది. 5 సెకన్లకి పెంచి, రీడ్‌లాక్ గడువు అంతకంటే ఎక్కువ ఉండేలా చూసుకోండి.

సర్వర్ ఎవరిదో రుజువు చేసే సర్టిఫికెట్లది ఇంకో రకం గొడవ. అవతలి చిరునామా బ్రౌజర్లో తెరుచుకుంటుంది, జావా మాత్రం 'పీకేఐఎక్స్ పాత్ బిల్డింగ్ ఫెయిల్డ్' అంటుంది. సాధారణంగా అవతలి సర్వర్, తన సర్టిఫికెట్‌ని మూల సర్టిఫికెట్‌తో కలిపే మధ్య సర్టిఫికెట్ పంపడం లేదు. బ్రౌజర్ దాన్ని తనే తెచ్చుకుంటుంది, జావా డీఫాల్టుగా తెచ్చుకోదు. ఓపెన్ఎస్ఎస్ఎల్ అనే టూల్లో ఎస్-క్లయింట్ ఆదేశానికి షోసర్ట్స్ తగిలించి చూస్తే గొలుసులో ఎన్ని వస్తున్నాయో తెలుస్తుంది. ఒక్కటే వస్తే వాళ్లకే చెప్పాలి. మనమే జావా నమ్మే సర్టిఫికెట్ల ఫైలు సీఏసర్ట్స్‌లో దిగుమతి చేసుకుంటే తర్వాతి జావా అప్‌గ్రేడ్‌తో అది మాయమవుతుంది, అప్పటికి ఎందుకు పెట్టామో ఎవరికీ గుర్తుండదు. పబ్లిక్ సర్టిఫికెట్ల గరిష్ఠ గడువు మార్చి 2026లో 398 రోజుల నుంచి 200కి తగ్గింది. 2027లో 100, 2029లో 47. క్యాలెండర్‌లో రాసుకుని చేత్తో మార్చే రోజులు కావు.

తుపాను గాలికి రెండు రోజులు లైను పోయి, తిరిగొచ్చాక ఒక్కసారిగా వేల బిల్లులు దిగుతాయి. అప్పుడు వేగం చూసి సంబరపడకూడదు. క్యూ నుంచి మెసేజ్‌లు తీసుకునే కన్స్యూమర్లు నాలుగుంటే రద్దు బిల్లు అసలు బిల్లు కంటే ముందు ఈఆర్‌పీకి చేరొచ్చు, 'అలాంటి బిల్లు లేదు' అని తిరిగి రావచ్చు. ఆ వెనకే అసలు బిల్లు వచ్చి నిలబడిపోతుంది. జేఎంఎస్ గ్రూప్ ఐడీగా బిల్లు నంబరు పెడితే, ఒకే నంబరున్నవన్నీ ఒకే కన్స్యూమర్‌కి వరసలోనే వెళ్తాయి. ఐఆర్‌ఎన్ రద్దుకి 24 గంటలే గడువు. అందుకని లైను రాగానే నేను మొదట క్యూ పొడుగు చూడను. రద్దు బిల్లులు ఎన్నున్నాయో, వాటిలో అన్నిటికంటే పాతది ఎన్నింటిదో చూస్తాను.